చాల్లెండి బాబుగారూ

ఆ ఫోను గుంటూరు నుంచి వచ్చింది. చేసినాయన చదరంగం పోటీలకు ఆర్బిటర్, అంటే క్రికెట్లో అంపైర్ లాంటి మనిషి.

"మాస్టారూ, మీ నరసరావుపేటలో రేటింగ్ టోర్నమెంట్ పెడుతున్నాం. రెండు రోజులు, ఎనిమిది రౌండ్లు. విజయవాడ నుంచీ ఒంగోలు నుంచీ అకాడమీ పిల్లలు ఎలాగూ వస్తారు. మీ ఊరివాళ్లు పదిమందన్నా రాకపోతే మాత్రం మళ్లీ అక్కడ పెట్టం," అన్నాడు.

సరేనన్నాను. ఫోను పెట్టేశాక గానీ ఏ పనికి ఒప్పుకున్నానో అర్థం కాలేదు. పదిమందిని ఒకచోటికి రమ్మని అడగాలి. మా ఇంట్లో అడగడం అలవాటు లేదు. మా తాత కుర్చీ చూపించేదాకా చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు కూర్చునేవారు కాదట. నకరికల్లు వైపు ఉన్న భూములు మా నాన్న కాలానికే చేయి దాటిపోయాయి. నా వరకు వచ్చింది ఇంటిపేరు, ఇస్త్రీ చొక్కా, వీపు వంచకుండా కూర్చునే పద్ధతి. ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతుకుతున్నాను. ఆకలి సంగతి కూడా ఎవరికీ చెప్పుకోని మనిషిని, చదరంగం ఆడటానికి రండి అని ఊళ్లో తిరగాలి.

ఆ ఆర్బిటర్ నన్నే ఎందుకు పట్టుకున్నాడంటే, నాకు రేటింగ్ ఉంది. ఆటగాడి బలాన్ని చెప్పే అంకె అది. లోకంలో ఎవరైనా ఫోన్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. రెండేళ్ల కిందట ఎవరికీ చెప్పకుండా గుంటూరు వెళ్లి ఆడి తెచ్చుకున్నాను. చిన్న అంకె. కానీ కోర్టు రోడ్డు టీ కొట్టు దగ్గర ఆడేవాళ్లలో నాకొక్కడికే ఉంది. అక్కడ నన్ను ఓడించినవాడూ లేడు.

ఆ టీ కొట్టు పక్కన రేకుల పంచ ఉంది. రెండు చెక్క బల్లలు, మూడు బోర్డులు. సాయంత్రం అయిదు దాటితే ఇరవైమంది పోగవుతారు. అందులో ఆడేవాళ్లు ఆరుగురు, మిగిలినవాళ్లు ఎత్తులు చెప్పేవాళ్లు. ఏనుగును చేతిలోకి తీసుకుని, ఒక్కో గడి మీద పెట్టి చూసి, "ఇక్కడా? ఇక్కడా?" అని చుట్టూ అడిగి, అందరూ ఊఁ అన్నాక దించుతారు. ఆడింది నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు. గడియారం లేదు. ఆట కట్టిన సంగతి కేకలను బట్టి రోడ్డు అవతల జిరాక్స్ షాపు దాకా తెలుస్తుంది.

నాతో ఆడేటప్పుడు మాత్రం పద్ధతి కొంచెం వేరు. వెనక నిలబడినవాళ్లు గొంతు తగ్గిస్తారు. ఆట ముదిరి రెండు వైపులా బలగం పల్చబడేసరికి, ఎదుటివాడు రెండు చేతులతో పావులు పోగు చేసి, "చాల్లెండి బాబుగారూ, మీదే. టీ చల్లారిపోతంది," అంటాడు. ఆ మర్యాదకు నేను తలూపేవాణ్ణి. ఆట నాదే కాబట్టి అలా అంటున్నారనుకునేవాణ్ణి.

వాళ్లకు టోర్నమెంట్ సంగతి చెప్పడానికి మూడు సాయంత్రాలు తీసుకున్నాను. మూడో రోజు, అడుగుతున్నట్టు కాకుండా, ఏదో తెలిసిన విషయం చెబుతున్నట్టు చెప్పాను. రేటింగ్ రావాలంటే ఏం చేయాలో కూడా చెప్పాను. అప్పటికే రేటింగ్ ఉన్నవాళ్లతో అయిదు ఆటలు ఆడాలి. వాటిలో కొంతైనా సాధించాలి. అయిదూ ఓడితే ఆడనట్టే.

ముందుగా ఆటో నడిపే అతను నోరు విప్పాడు. "ఆ నంబరు తీసుకుని ఏం జేసుకోను బాబుగారూ? ఆటో వెనకాల రాయించుకోనా?"

"పోటీలో మాట్లాడకూడదంటగా?" అన్నాడు ఇంకొకడు.

"మాట్లాడకూడదు. తాకిన పావునే ఆడాలి. ప్రతి ఎత్తూ కాగితం మీద రాయాలి. పక్కవాళ్లు చెప్పకూడదు," అన్నాను.

"అయితే అది ఆట కాదు, ఆస్పత్రి," అన్నాడు ఆటో అతను. అందరూ నవ్వారు. నేను లేచి చొక్కా సర్దుకున్నాను. ఇక ఈ మాట ఎత్తకూడదని మనసులో అనుకున్నాను.

అప్పుడు మూల బల్ల దగ్గర ఉన్న మనిషి అడిగాడు. "అది రాసి ఉంటదా బాబుగారూ?"

అతను నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్లో పని చేస్తాడు. మాచర్ల వైపు నుంచి వచ్చినవాడు. నలభై దాటి ఉంటాయి. ఎన్నిసార్లు కడుక్కున్నా కనుబొమల్లో రాతిపొడి పోదు. మాట తక్కువ.

"ఏది?" అన్నాను.

"ఆ నంబరు. మన పేరు పక్కన."

"రాసి ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున కొత్త జాబితా వేస్తారు."

"నువ్వు బాగా ఆడతావురా అంటారు ఈళ్లంతా. నోటి మాట గదా, సాయంత్రానికి పోయిద్ది. యూనిట్లో సూపర్‌వైజరుతో అంటే, రాళ్లు కోసేవాడికి చెస్ ఏందిరా అన్నాడు. రాసి ఉంటే చూపిత్తా." పావులు సర్దుతూ, "నేను వస్తా," అన్నాడు.

నోటి మాట సాయంత్రానికి పోతుందన్న ముక్క నాకు గుచ్చుకుంది. మా ఇంటి గొప్పతనం సాంతం నోటి మాటే. ఆ సంగతి అతనికి తెలిసే అవకాశం లేదు.

అతను వస్తాననేసరికి ఆటో అతనూ మెత్తబడ్డాడు. వారానికి తొమ్మిదిమంది తేలారు. రాతిపని మనిషికి ఇద్దరు కూతుళ్లు హైస్కూల్లో ఉన్నా, ఎత్తులు రాయడం నేర్పమని నన్నే అడిగాడు. నిలువు వరసలకు ఇంగ్లీషు అక్షరాలు, అడ్డ వరసలకు అంకెలు. అంకెలు వచ్చు. అక్షరాలు ఎనిమిది నేర్చుకోవాలి. పనిలో రాయి కోసేముందు గీత గీసే సుద్దముక్కతోనే నాపరాళ్ల మీద వాటిని రాసి, వాటి మీదుగానే కోసేవాడట. నెల తిరిగేసరికి తప్పు లేకుండా రాస్తున్నాడు గానీ, ఒక్కో అక్షరం గుడి గోపురం కట్టినట్టు నిదానంగా రాస్తున్నాడు. పోటీలో ఎవరి టైము వాళ్లకే; ఆడి గడియారం నొక్కేదాకా తన టైమే తగ్గుతుంది, అయిపోతే ఓటమే. అది నా మొదటి భయం.

రెండో భయం టీ కొట్టు ఆవిడ పెట్టింది. ఆ పంచలో అందరి ఆటలూ టీ కాస్తూ చూసే మనిషి ఆవిడ. ఒక రోజు నేను గ్లాసు అందుకుంటూ, "మనవాళ్లలో ఎవరన్నా నిలుస్తారంటావా అక్కా?" అని అడిగాను.

"రాళ్లాయన నిలుత్తాడు," అంది. "చానా గట్టోడు. అతను నిన్న ఆడిన ఆట చూశారా, ఆటో ఆయన్ని పది ఎత్తుల్లో కట్టేశాడు."

"మొన్న నా మీద ఓడిపోయాడుగా," అన్నాను.

ఆవిడ పాలగిన్నె దించి, గుడ్డతో మూత పట్టుకుని, నా వైపు చూడకుండా అంది: "మీతో ఆడేటప్పుడు చెయ్యి అదుపులో పెట్టుకుంటాడు లెండి."

విననట్టు టీ తాగేశాను. వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు. ఆ రోజు నుంచి, పావులు పోగు చేసి చాల్లెండి బాబుగారూ అన్న ఆటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఆ పోగు చేసిన క్షణంలో నా రాజు ఎక్కడున్నాడు? అతని ఏనుగు ఎక్కడుంది? కొన్ని ఆటలు బాగానే గుర్తున్నాయి. గుర్తున్నవాటిలో నేను గెలుస్తున్నట్టు ఒక్కటీ లేదు.

పోటీ ఒక కల్యాణమండపంలో పెట్టారు. తొమ్మిదిమందినీ ఎనిమిదిన్నరకు రమ్మన్నాను. నేను ఏడున్నరకే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. విజయవాడ పిల్లలు కార్లలో దిగుతున్నారు. తల్లులు టిఫిన్ డబ్బాలు, తండ్రులు ల్యాప్‌టాప్‌లు. ఎనిమిదీ నలభై దాటినా మా వాళ్లు ఒక్కరూ లేరు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నానని తెలియకూడదని రోడ్డు అవతల హోర్డింగు చదువుతూ నిలబడ్డాను. అది అప్పటికి ఎన్నోసారో.

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా ఒకే ఆటోలో ఏడుగురు దిగారు. ఇద్దరు ఎగ్గొట్టారు. నాతో కలిపితే ఎనిమిది. రాతిపని మనిషి తెల్ల చొక్కా వేసుకున్నాడు. మడతల గీతలు పోలేదు.

మధ్యాహ్నానికే ఆటో అతన్ని ఒక చిన్న పాప ఓడించింది. బయటికొచ్చి, "కాళ్లు నేలకి అందటంలా బాబుగారూ ఆ పిల్లకి. నన్ను మాత్రం నేలకేసి కొట్టింది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, సాయంత్రం రౌండుకు ఉంటాడో వెళ్లిపోతాడో అని నేను అతని చెప్పుల వైపే చూస్తూ ఉన్నాను. ఉన్నాడు.

రాతిపని మనిషి రెండు రోజుల్లో ఏడు ఆటలు ఆడాడు. రేటింగ్ లేనివాళ్లతో మూడు గెలిచాడు. రేటింగ్ ఉన్నవాళ్లతో నాలుగూ ఓడాడు. బలం చాలక కాదు. నాలుగింటిలో రెండు చేతికందిన ఆటలే. అక్షరం రాస్తూండగా టైము అయిపోయింది. ఒకసారైతే ఆడి, రాసి, గడియారం నొక్కడం మరిచిపోయి, ఎదుటివాడి ఎత్తు కోసం మర్యాదగా కూర్చున్నాడు. కరిగిపోతున్నది తన టైమే. చెప్పడానికి వీల్లేదు. నేను పక్క బల్ల దగ్గర నా ఆట వదిలేసి అతని గడియారాన్నే చూశాను. ఆ కంగారులో నా ఆటా పోయింది.

ఆఖరి రౌండు జతల కాగితం గోడకు అంటించారు. అతని పేరు ఎదురుగా నా పేరు ఉంది.

ఆర్బిటర్ నన్ను పక్కకు పిలిచాడు. "మీవాడికి ఇది అయిదో రేటెడ్ ఆట. గెలిస్తే అంకె తప్పకుండా వస్తుంది. డ్రా అయితే చెప్పలేం, అంచు మీద ఉంటుంది. ఓడితే ఇప్పటికి లేనట్టే. మీకు మాత్రం బాధ లేదు మాస్టారూ. అతనికింకా రేటింగ్ లేదు కాబట్టి ఈ ఆట మీ లెక్కలోకి రాదు. ఓడినా మీ అంకె కదలదు."

బాధ లేదట. మా కొట్టువాళ్లంతా తమ ఆటలు ముగియగానే, బల్లల చుట్టూ కట్టిన తాడుకు అవతల వరసగా నిలబడి చూస్తారు. టీ కొట్టు ఆవిడ కూడా ఆ పూటకు కొట్టు కట్టేసి వచ్చింది. నా అంకె కదలదు నిజమే. ఈ ఊళ్లో మా ఇంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఓడించినవాడు ఇప్పటిదాకా లేడు. ఆ లెక్క ఏ జాబితాలోనూ ఉండదు.

అతను కాగితం చూసి నా దగ్గరకొచ్చాడు. మొహం వెలిగింది. "మీతోనేనా బాబుగారూ. పోనీలెండి, ఎవరో తెలియనోళ్లతో కాకుండా. నెమ్మదిగా కానిచ్చేద్దాం."

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. "కొట్టు దగ్గర నాతో గెలిచే ఆట ఎన్నిసార్లు వదిలేశావు?" అన్నాను.

అతను నేల చూశాడు. "అది వేరేలెండి. మీరు పెద్దోరు."

"ఇవాళ వదిలితే మళ్లీ నీతో కూర్చోను."

"అట్టనబాకండి," అన్నాడు మెల్లిగా. వదులుతాననీ అనలేదు, వదలననీ అనలేదు.

ఆట మొదలైంది. నావి తెల్లపావులు. మొదటి గంట అతను బాగా ఆడాడు. నేనూ బాగానే ఆడాను. నా వీపు నిటారుగానే ఉంది గానీ అరచేతులు చెమటలు పట్టి ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాను. ఇరవై అయిదో ఎత్తు దగ్గర నా గుర్రం తప్పు గడిలో పడింది. దించిన మరుక్షణం తెలిసింది. అతనికీ తెలిసింది. తల ఎత్తి నన్ను చూశాడు. వెనక్కి తీసుకుంటారా అన్నట్టు చూశాడు. కొట్టు దగ్గరైతే తీసుకునేవాణ్ణి. నేను గడియారం నొక్కాను.

అక్కణ్నుంచి ఎత్తు ఎత్తుకూ నా రాజు చుట్టూ గడులు మూసుకుపోయాయి. ఒక్కోసారి అతని చెయ్యి మంచి ఎత్తు మీదికి వెళ్లి, గాలిలో ఆగి, వెనక్కి వచ్చేది.  వదిలేస్తాడేమోనన్న భయం ఒకటి. వదిలేస్తే బాగుండునన్న ఆశ ఒకటి. ఆ ఆశను నాలో చూసుకుని సిగ్గుపడ్డాను. చివరికి ప్రతిసారీ అతను మంచి ఎత్తే ఆడాడు. ఆడి, ఆ అక్షరాన్ని నిదానంగా కాగితం మీద నిలబెట్టాడు.

అలా రాస్తూ రాస్తూ అతని టైము ఒక నిమిషంలోపుకు వచ్చింది. నాకు ఇరవై నిమిషాలు మిగిలాయి. నా రాజు చివరి వరసలో మూలకు చేరాడు. ముందు మూడు బంట్లు అడ్డం. అతని ఏనుగు ఒక్క దూకులో ఆ వరసలోకి దిగితే ఆట కట్టు. ఎత్తు అతనిది.

అతను ఏనుగు వైపు చూశాడు. తరువాత నా వైపు.  అతని రెండు చేతులూ బల్ల మీదికి లేచాయి. పావులు పోగు చేయడానికి వచ్చే చేతులవి. సగంలో, ఇది కొట్టు కాదని గుర్తొచ్చి ఆగిపోయాడు. కుడిచెయ్యి నా ముందుకు చాపాడు.

"చాల్లెండి బాబుగారూ. సమానం అనుకుందాం," అన్నాడు గొంతు తగ్గించి. "టీ తాగుదాం."

గడియారంలో అతని సెకన్లు తగ్గుతున్నాయి. యాభై. నలభై ఎనిమిది.

ఆ చెయ్యి పట్టుకుంటే అందరూ మర్యాదగా చప్పట్లు కొడతారు. నేను ఓడలేదు. అతనికి అంకె వస్తుందో రాదో ఒకటో తారీఖున తెలుస్తుంది. రాకపోతే ఆ సూపర్‌వైజరు ముందు మళ్లీ రాతిపొడితో నిలబడతాడు. కొట్టు దగ్గరి వాళ్లంతా, అంత గట్టివాడికే రాలేదు మనకేం వస్తుందని ఆ మాట ఇక ఎత్తరు. పోనీ, మర్యాద చాలు, ఆడు అని చెబితే? నా ముందు ఎలా ఆడాలో తేల్చుకోలేక అతను అలాగే కూర్చుంటాడు. సెకన్లు అయిపోతాయి. ఓడిపోతాడు. నేను గెలుస్తాను. 

ముప్పై తొమ్మిది. అతని చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.  

నేను గడియారం ఆపాను. నా రాజును బోర్డు మీద పడుకోబెట్టాను. "నేను ఓడిపోయాను," అన్నాను. వినపడలేదేమోనని మళ్లీ అన్నాను. ఈసారి హాలంతా వినపడింది.

అప్పుడు ఆ చెయ్యి పట్టుకున్నాను. అది గరుకుగా, చల్లగా ఉంది.

ఆర్బిటర్ వచ్చి ఫలితం కాగితం ముందు పెట్టాడు. నా పేరు పక్కన సున్నా, అతని పేరు పక్కన ఒకటి నేనే వేసి సంతకం చేశాను. పెన్ను అతనికిచ్చాను. అతను సంతకం చేయడానికి చాలా సేపు తీసుకున్నాడు. ఇప్పుడు తొందరేం లేదు.

"ఎందుకట్టా చేశారు బాబుగారూ," అన్నాడు తలెత్తకుండా. "అందరూ చూస్తన్నారు."

"చూడనీ. ఏనుగు దిగితే అయిపోయేది కదా."

"అయిపోయేది," అన్నాడు. అబద్ధం ఆడలేదు. అందుకు నేను సంతోషించాలి. సంతోషించానో లేదో చెప్పలేను. తాడు దాటి బయటికి నడిచేటప్పుడు వాళ్లంతా దారి ఇచ్చారు. ఎప్పుడూ ఇచ్చే దారే. ఈసారి ఆ ఖాళీ చాలా పొడుగ్గా అనిపించింది. టీ కొట్టు ఆవిడ ఒక్కతే నా మొహంలోకి సూటిగా చూసింది. 

మెట్ల దగ్గర రాతిపని మనిషి నన్ను అందుకున్నాడు. "రేపు కొట్టు కాడికి వస్తారా?"

"వస్తాను."

"ఎట్టా ఆడమంటారు?"

"ఇవాళ ఆడినట్టే. అందరికీ చెప్పు."

అతను మనసులో లెక్క వేసుకున్నాడు. "అట్టయితే మీరు చానా ఓడతారు బాబుగారూ," అన్నాడు. ఎగతాళి లేదు. నాపరాయి మందం చెప్పినట్టు చెప్పాడు.

మర్నాడు సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. వెళ్లకపోతే ఏమీ అనరు. అనుకుంటారంతే. అనుకునేది ఏమిటో నాకు తెలుసు. అయిదున్నరకు వెళ్లాను. ఆటో అతను లేచి బెంచీ తుడిచి, నా ఎదురుగా తనే కూర్చున్నాడు. పోటీకి ఎగ్గొట్టిన ఇద్దరూ వచ్చి, మళ్లీ పోటీ ఎప్పుడని అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను.

ఆట మొదలుపెట్టాం. వెనక నిలబడినవాళ్లు మొదట గొంతు తగ్గించే ఉన్నారు. పదో ఎత్తుకు నెమ్మదిగా ఒకడు, "ఒరేయ్, ఆ ఏనుగు ఎటు పోతందిరా," అన్నాడు. ఇంకొకడు ఆటో అతనికి ఎత్తు చెప్పాడు. ఎవరూ పావులు పోగు చేయలేదు. ఆట చివరిదాకా వెళ్లి, నా ఓటమితో ముగిసింది.

ఎవరూ నవ్వలేదు. రెండో ఆటకు నవ్వారు.